జవాబు వచ్చిందని రాసేముందు

అమీర్‌పేటలో ఎనిమిదేళ్లపాటు ఫోన్లో ప్రార్థన చేయడం నా ఉద్యోగం. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. రిటైర్మెంట్ అనే మాట ఈ వయసుకు నప్పదని తెలుసు. కానీ స్వరపేటిక మీద బుడిపెలు వచ్చాయి. రోజుకు ఏడెనిమిది గంటలు మాట్లాడే పని ఇక చేయవద్దని డాక్టర్ చెప్పాడు, నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే గొంతు కంటే ముందే నేను అలసిపోయి ఉన్నాను.

నా స్థానంలోకి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ నాలాగే ఇంజనీరింగ్ చదివినవాళ్లు. వాళ్లకు అప్పగింతల కాగితం రాసిచ్చాను. ఏ లైను ఎప్పుడు తెరవాలి, పాస్‌వర్డులు ఏమిటి, ఏ ఊరి వాళ్లు ఎక్కువగా ఫోన్ చేస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

పని ఎలా ఉంటుంది

మా సంఘం ప్రార్థన గది ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో ఉంటుంది. మెట్ల మీద పిల్లలు రెజ్యూమెలు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లను దాటుకుని పైకి వస్తే నాలుగు బల్లలు, నాలుగు ఫోన్లు. నేనూ ఒకప్పుడు ఆ కింది సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయడానికి ఒంగోలు నుంచి వచ్చినవాణ్ణే. కోర్సు అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పైన ఖాళీ ఉందన్నారు. దేవుని పిలుపు అని అందరికీ చెప్పాను. పిలుపు ఉందో లేదో కానీ ఖాళీ మాత్రం ఉంది.

ఫోన్ చేసేవాళ్లు అడిగేవి పది పన్నెండు రకాలు. ఉద్యోగం, పెళ్లి సంబంధం, స్కానింగ్ రిపోర్టు, తాగే భర్త, ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరు. మొదటి ఏడాదిలోనే అన్ని రకాలూ వినేస్తారు. రెండో ఏడాది నుంచి ప్రమాదం మొదలవుతుంది. అవతలి మనిషి రెండు ముక్కలు చెప్పేలోపే మీ నోటికి ప్రార్థన తయారైపోతుంది.

ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసులో పనిచేసే ఒకావిడ ప్రతి సోమవారం చేసేది. మొదటిసారి అడిగింది, "మేం పూజలు చేసుకునేవాళ్లమండి. అయినా చెప్పొచ్చా?"

"చెప్పండమ్మా."

"మా ఆయనకి బీపీ. దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలుచుకున్నా నాకు ఇబ్బంది లేదు. మా ఆయన పేరు మాత్రం సరిగ్గా చెప్పండి. సత్యనారాయణ కాదు, సత్యప్రసాద్."

ఈ పనికి ఇంతకంటే మంచి శిక్షణ నాకెవరూ ఇవ్వలేదు.

సుగుణమ్మ గారి లెక్కలేనితనం

నా పక్క బల్ల సుగుణమ్మ గారిది. ఆమె ముప్పై ఏళ్లు వార్డు నర్సుగా చేసి, పదవీ విరమణ తర్వాత ఇక్కడికి వచ్చారు. ఆమె దగ్గర నాలాగా కంప్యూటర్ పట్టిక లేదు, ఫారం లేదు. ఫోన్ ఎత్తి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఏమీ అనరు. లైను కట్టయిందేమో అనుకుని అవతలివాళ్లు "అమ్మా, ఉన్నారా?" అని అడుగుతారు. "ఉన్నా, చెప్పు" అంటారు. వాళ్లు మళ్లీ మొదలుపెట్టి ఈసారి అసలు సంగతి చెబుతారు.

నేను ఒక వారం గడియారం పెట్టి చూశాను. నేను రెండు ఫోన్లు ముగించే సమయానికి ఆమె ఒకటి ముగించేవారు. ఆ మాట ఆమెతోనే అన్నాను. ఆ రోజుల్లో నాకు అంత తెలివి ఉండేది.

"నువ్వు ఫోన్ పెట్టెయ్యడానికి ప్రార్థన చేస్తావు నాయనా," అన్నారు ఆమె, గొంతు కూడా పెంచకుండా. "మాట తెగడం లేదనుకో, ప్రార్థన చేద్దామా అంటావు. వాళ్లు నోరు మూసుకుంటారు."

నాకు కోపం వచ్చింది. తర్వాత ఒక రోజంతా నన్ను నేను విన్నాను. నిజమే. "ప్రార్థన చేద్దామా" అన్న మాటను నేను తలుపు వేయడానికి వాడుతున్నాను.

నేను కట్టిన పట్టిక

అప్పటికే నా గొప్ప పని నేను చేసి ఉన్నాను. నేను చేరినప్పుడు మనవులన్నీ నోటు పుస్తకాల్లో ఉండేవి. చదివినవాణ్ణి కదా, ఆ గజిబిజి చూడలేకపోయాను. కంప్యూటర్లో పట్టిక కట్టాను. సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పులను ఎలా నమోదు చేస్తారో, అచ్చం అలాగే. ప్రతి మనవికీ ఒక నంబరు, పేరు, ప్రాంతం, విషయం, చివర స్థితి. స్థితి మూడు రకాలు: కొత్తది, ప్రార్థనలో ఉంది, జవాబు వచ్చింది. మూడు వారాలకోసారి మేమే తిరిగి ఫోన్ చేసి కనుక్కోవాలి. "జవాబు వచ్చింది" అని నొక్కితే ఆ పేరు దానంతటదే ఒక జాబితాలోకి పోయి, శనివారం సాయంత్రానికి మా పాస్టరు అయ్యగారి ఫోన్‌కు చేరుతుంది. ఆదివారం ఆరాధనలో ఆయన ఆ జాబితా చదువుతారు. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెబుతుంది.

అందరూ మెచ్చుకున్నారు. సుగుణమ్మ గారు ఒక్కరే అడిగారు, "రాదు అని జవాబొస్తే దేంట్లో రాస్తావు?" అని. దానికి గడి లేదని చెప్పి నవ్వాను.

నా తప్పు ఇదీ

కరుణ యూసుఫ్‌గూడలో ఉండేది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ పని. భర్త పేరు దానియేలు, ఆటో నడిపేవాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాక ఆటో మానేశాడు. మంగళ, గురు, శనివారాలు అక్కడికి దగ్గర్లోని ఇంకో ఆసుపత్రిలో డయాలసిస్. అతని స్వస్థత కోసం మనవి పెట్టింది కరుణే. ఏడాదిగా ఆ మనవి "ప్రార్థనలో ఉంది" దగ్గరే ఉండిపోయింది. పట్టికలో అన్నిటికంటే పాతది అదే. దాన్ని చూసినప్పుడల్లా నాకు చిరాకుగా ఉండేది. ఆ చిరాకు దానియేలు రోగం మీద కాదు, మూసుకోని ఆ గడి మీద. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతున్నాను, కానీ రాయాలి.

ఒక శుక్రవారం వరసగా ఫోన్లు చేస్తూ ఆమెకూ చేశాను. వెనక బస్సు చప్పుడు.

"వందనాలమ్మా, ప్రార్థన గది నుంచి. దానియేలు గారు ఎలా ఉన్నారు?"

"వందనాలన్నా. దేవుని కృప, మంచిగున్నం."

"స్తోత్రం," అన్నాను. రెండు వాక్యాల ప్రార్థన చేసి పెట్టేశాను. "జవాబు వచ్చింది" నొక్కాను.

మన సంఘాల్లో పెరిగినవాళ్లకు నేను చేసిందేమిటో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మనల్ని ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, ఇల్లు కాలిపోతున్నా సరే, దేవుని కృప వల్ల బాగున్నాం అంటాం. అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు మా నాన్న అదే అన్నాడు. నేనూ అన్నాను. అది అబద్ధం కాదు, అలవాటు. మర్యాద కూడా. దాన్ని రిపోర్టు అనుకుని నమోదు చేసుకున్నవాణ్ణి నేను.

ఆదివారం అయ్యగారు చదివారు. "యూసుఫ్‌గూడ నుంచి సోదరుడు దానియేలు, కిడ్నీ రోగం నుంచి సంపూర్ణ స్వస్థత." సంపూర్ణ అనే మాట ఆయన కలిపారు. చప్పట్లు కొట్టారు. కరుణకు ఆ రోజు డ్యూటీ. దానియేలు ఒక్కడే వచ్చి వెనక వరసలో కూర్చుని ఉన్నాడట. నేను సౌండ్ మిక్సర్ దగ్గర ఉన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మంగళవారం అతను ఫైలు, అన్నం డబ్బా తీసుకుని ఎప్పట్లాగే ఇంట్లోంచి బయలుదేరాడు. ఆసుపత్రికి వెళ్లలేదు. పార్కులో కూర్చుని, డబ్బాలో అన్నం తిని, సమయానికి ఇంటికి వచ్చాడు. గురువారమూ అంతే. నీళ్లు కొలిచి తాగాల్సినవాడు, స్వస్థత వచ్చిందని సీసాలకు సీసాలు తాగాడు.

శుక్రవారం పొద్దున కరుణ ఫోన్.

"అన్నా, ఆదివారం గాయన పేరు సదివిండ్రా?"

"చదివామమ్మా."

"ఎవలు చెప్పిండ్రు మీకు రోగం తక్కువైందని? ఆసుపత్రోళ్లు ఇప్పుడే ఫోన్ జేసిండ్రు, రెండుసార్లు రాలేదు, ఏమైందని. అడిగితే దేవుడు బాగుజేసిండు, అయ్యగారు సదివిండు అంటుండు. మూతి ఉబ్బింది. పండుకుంటే ఊపిరి ఆడుతలేదు. రమ్మంటే వస్తలేడు. నేనేం జెయ్యాలె?"

పట్టిక తెరిచాను. నమోదు చేసినవారి గడిలో నా పేరు ఉంది. ఎవరు ఎప్పుడు నొక్కారో తెలిసేలా ఆ గడి పెట్టింది కూడా నేనే. ఇతరుల తప్పులు పట్టుకోవడానికి పెట్టాను.

సుగుణమ్మ గారు నా ముఖం చూసి ఫోన్ తీసుకున్నారు. రెండు ప్రశ్నలు అడిగారు, కాళ్లు ఎలా ఉన్నాయి, మూత్రం వస్తోందా అని. పెట్టేసి నాతో అన్నారు, "చెప్పులేసుకో. నువ్వే వచ్చి చెప్పాలి."

యూసుఫ్‌గూడ గదిలో

దానియేలు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకోలేకపోతున్నాడు. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. అయినా నన్ను చూసి నవ్వాడు.

"సౌండ్ తమ్ముడు గదా. రా, కూసో."

నిలబడే చెప్పాను. "అన్నా, ఆదివారం చదివింది తప్పు. కరుణమ్మ బాగున్నాం అంటే నేను స్వస్థత అయిందని రాసేశాను. అడగకుండా రాశాను. అది దేవుడి మాట కాదు, అయ్యగారి మాట కూడా కాదు. నాది."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నీ కంప్యూటర్‌ల తప్పు పడ్డది. సరే. గా తప్పుల నుంచే దేవుడు మాట్లాడిండేమో. నీకేం ఎరుక?"

అతనికి బాగుండాలని ఉంది. ఏడాదిగా వారానికి మూడు రోజులు సూదులు గుచ్చించుకుంటున్న మనిషికి ఒక ఆదివారం అందరూ చప్పట్లు కొట్టి, అయిపోయింది పో అని చెప్పారు. ఇప్పుడు నేను వచ్చి అది వెనక్కి ఇచ్చెయ్యమంటున్నాను.

సుగుణమ్మ గారు మంచం కొసన కూర్చుని అతని మోకాలి కింద బొటనవేలితో నొక్కి తీశారు. గుంట పడింది. పూడలేదు.

"చూడు దానియేలూ. మైదా ముద్దలా ఉంది. ముప్పై ఏళ్లు వార్డులో చూశాను, బాగైనవాడి కాలు ఇలా ఉండదు."

అతను ఆ గుంటను చూశాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా అడిగాడు. "అంటే నా విశ్వాసం సాల్లేదా అమ్మా?"

కరుణ గోడవైపు తిరిగింది. అప్పటిదాకా ఏడవలేదు.

"విశ్వాసం గురించి నన్నడక్కు," అన్నారు సుగుణమ్మ గారు. "నాకు నీళ్ల గురించి తెలుసు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. మధ్యాహ్నం దాకా ఆగవు."

"తమ్ముడూ, ప్రార్థన జెయ్యి," అన్నాడు దానియేలు నాతో. "ఏం జెప్తడో సూద్దాం."

అప్పటికి వేల ప్రార్థనలు చేసి ఉన్నాను. ఆ పూట ఒక్క వాక్యమూ దొరకలేదు. "ప్రభువా, నేను అబద్ధం రాశాను," అన్నాను. "ఈయన నిన్ను నమ్మాడు. నా తప్పుకు ఈయన్ను పోనివ్వకు." అంతే. తర్వాత ఏం అనాలో తెలియక ఆగిపోయాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

కొంతసేపటికి దానియేలు కాళ్లు కిందికి దించాడు. "కరుణా, ఫైల్ తియ్." చెప్పులు ఉబ్బిన కాళ్లకు ఎక్కలేదు. ఒట్టి కాళ్లతోనే గుమ్మం దాకా వచ్చి, ఊపిరి తీసుకుని, నా వైపు వేలు చూపించాడు. "ఆసుపత్రికి పోతున్న గని విశ్వాసం లేక కాదు. గిది రాస్కో నీ దాంట్ల."

ఆటోలో పంజాగుట్ట వెళ్లాం. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీదే ఆక్సిజన్ పెట్టి నేరుగా మిషన్ దగ్గరికి తీసుకుపోయారు. ఇంకో పూట ఆలస్యమైతే గుండె ఆగేదని చెప్పి, డాక్టరమ్మ కరుణను తిట్టింది. తిట్టాల్సింది నన్ను. ఆ మాట చెప్పబోయాను కానీ ఆమె వెళ్లిపోయింది. నాలుగు రోజులకు దానియేలు ఇంటికి వచ్చాడు.

అయ్యగారు

మా అయ్యగారు చెడ్డవారు కాదు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లారు, అతని మంచం పక్కన మోకరించారు. కానీ సంఘం ముందు దిద్దుబాటు చెప్పమంటే ఒప్పుకోలేదు.

"ఏమని చెప్పమంటావు? దేవుడు స్వస్థపరచలేదనా?"

"నేను తప్పు రాశానని చెప్పండి అయ్యగారూ."

"అప్పుడు మిగతా జవాబులన్నీ అనుమానిస్తారు."

"అనుమానించాల్సిందే. ఆ నెలలో జవాబు వచ్చిందని రాసినవాళ్లందరికీ మళ్లీ ఫోన్ చేశాను. చాలామంది బాగున్నాం అన్నారంతే. ఏమీ మారలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీకు తెలుసా, ఆ జాబితా చదివేటప్పుడే నాకూ కొంచెం ధైర్యం వచ్చేది," అన్నారు.

రెండు ఆదివారాలు ఏమీ జరగలేదు. మూడో ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి, "దానియేలు విషయంలో మనం తొందరపడ్డాం, అతను ఇంకా రోగంతోనే ఉన్నాడు, మనల్ని క్షమించమని అతన్ని అడిగాను," అన్నారు. మళ్లీ ప్రసంగంలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత జాబితా చదవలేదు. ఇద్దరు ముగ్గురు సంఘం మారిపోయారు. ఆయన అనుకున్నదీ జరిగిందన్నమాట.

కొత్తవాళ్లతో

పట్టిక ఇంకా ఉంది. పేర్లు, నంబర్లు కావాలి, లేకపోతే మనుషుల్ని మర్చిపోతాం. స్థితి గడి మాత్రం తీసేశాను. మళ్లీ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. తిరిగి ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నారని అడక్కండి. నిన్న ఏం తిన్నారు, రాత్రి నిద్ర పట్టిందా, మళ్లీ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి అని అడగండి. కృప వల్ల బాగున్నాం అంటే, తర్వాత ఏం చెబుతారో వినండి. మందులు ఆపేస్తానని ఎవరైనా అంటే, ఆ పూట ప్రార్థన ఆగినా ఫర్వాలేదు, ఇంట్లో ఇంకొకరితో మాట్లాడండి.

ఇంకొకటి. జీతానికి ప్రార్థన చేసిన ఏళ్లలో నాకోసం ప్రార్థన చేసుకోవడం మానేశాను. వంటమనిషి ఇంటికి పోయి పొయ్యి వెలిగించనట్టు. యూసుఫ్‌గూడ తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, చాలా చిన్నగా. మెట్రో మెట్లెక్కుతూ ఒక మాట. బట్టలు ఆరేస్తూ ఒక మాట. కళ్లు మూయను, గొంతు మార్చను. కొన్నిసార్లు "ఇదిగో, ఉన్నాను" అని మాత్రమే అంటాను. జవాబు వచ్చిందా అంటే చెప్పలేను. దేవుణ్ణి నమ్మడం అంటే ఫలితం తెలిసి ఉండటం అని ఎనిమిదేళ్లు నేర్పాను. నాకు తెలిసినంతలో అది కాదు. ఏమిటో పూర్తిగా చెప్పగలిగే స్థితిలో లేను.

ఒక శనివారం

పని మానేసే వారంలో దానియేలును చూడ్డానికి డయాలసిస్ గదికి వెళ్లాను. ఒక్కరినే లోపల ఉండనిస్తారు. కరుణ లేచి, "నేను టీ తాగొస్త అన్నా" అని కుర్చీ నాకిచ్చింది. అతను చిక్కిపోయాడు. ఎడమ చేతికి గొట్టాలు, పక్కన మిషన్ తిరుగుతోంది.

"పని ఇడిసిపెడుతున్నవంట?"

"గొంతు పోయిందన్నా."

"ఎప్పుడు సూడు మాకే ప్రార్థన జేస్తవు. నీకు ఎవలు జేస్తరు?" నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. "చెప్పు. నీ ప్రార్థన అంశం ఏంది?"

"అదే, గొంతు."

"గొంతు డాక్టరు సూస్తడు. నీది చెప్పు."

అటూ ఇటూ చూశాను. పక్క మంచాల వాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. "అలసిపోయాను," అన్నాను. "ఇన్నేళ్లూ ఆయన విన్నాడో లేదో నాకు తెలియడం లేదు."

వింటాడులే అనలేదు దానియేలు. అలా అంటాడని భయపడ్డాను. ఖాళీగా ఉన్న కుడి చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టాడు. బరువుగా, చల్లగా ఉంది.

"ప్రభువా, గీ తమ్ముడు అలిసిండు. నేను సుత అలిసిన. జర మా ఇద్దరి తాన కూసో. ఫికర్ లేదు, నువ్వేం చెప్పకున్నా..."

అక్కడ ఆగాడు. తర్వాతి మాట కోసం కళ్లు మూసుకుని ఎదురుచూశాను. చెయ్యి మెల్లగా నా భుజం మీదికి జారింది. కళ్లు తెరిచి చూస్తే నిద్రపోయాడు. మిషన్ మీద ఇంకా గంటా నలభై నిమిషాలు ఉంది.

ఆ ప్రార్థన నేను ముగించలేదు. లేచాక అతనే పూర్తి చేస్తాడని, ఆ చెయ్యి కదలకుండా కూర్చున్నాను.